గోడకి పథ్యం

మానవజాతి చరిత్రలో గొప్ప మలుపులు మూడున్నాయి. నిప్పు కనుక్కోవడం ఒకటి, చక్రం కనుక్కోవడం రెండు. మూడోదాని విషయంలో పండితులకి ఏకాభిప్రాయం లేదు కాని, బావమరిదికి అనుమానం లేదు. ఒకానొక మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి తన బావ అయిన గార మేస్త్రి ఒక తడిగోడ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత ఇంటాయన వైపు తిరిగి, "దీనికి పథ్యం కావాలండీ" అన్నాడు. అదీ మూడోది.

అంతవరకు పథ్యమనేది మనుషులకే ఉండేది. మందు తాగినవాడు పులుపు మానేవాడు, ఉప్పు తగ్గించేవాడు, ఆ కసి ఇంట్లోవాళ్ళ మీద తీర్చుకునేవాడు. మందు గోడకి వేసి, పథ్యం ఇంట్లోవాళ్ళ చేత చేయించే విధానం మాత్రం ఈ మేస్త్రితోనే పుట్టింది. వైద్యశాస్త్రం ఇంకా అంత దూరం రాలేదు.

మేస్త్రి పాతిళ్ళ గోడలకి గారపని చేసేవాడు. గార అంటే డబ్బా మూత తీసి బ్రష్షు ముంచి పూసే రంగు కాదు. కాల్చిన సున్నం చల్లార్చి, తొట్టిలో నెలల తరబడి నానబెట్టి, వెన్నలా అయ్యాక పలచటి గుడ్డలో వడగట్టి, పాలరాతి పొడీ, కోడిగుడ్డు తెల్లసొనా కలిపి, పూత మీద పూత వేస్తారు. చివరి పూత ఆరీ ఆరకముందే నున్నటి మెరుగురాయి పట్టి రుద్దుతారు. రుద్దగా రుద్దగా ఒక దశలో అది గోడగా ఉండడం మానేస్తుంది. కిటికీలోంచి వచ్చిన వెలుగు దాన్ని తాకి ఆగిపోదు, లోపలికి దిగుతుంది. పాలమీగడ కింద దీపం పెట్టినట్టు ఉంటుంది. అలాంటి గోడ ముందు నిలబడ్డవాడు ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఎందుకు తగ్గించాడో అతనికే తెలియదు.

మేస్త్రి గోడని పరీక్ష చేసే తీరు చూడవలసిందే. ముందు గుమ్మంలో చెప్పులు విడిచేవాడు. తర్వాత వేలి కణుపుతో ఒక్కో జానెడుకీ ఒక్కో దెబ్బ వేసి, చెవి ఆనించి వినేవాడు. లోపల పెచ్చు వదులైన చోట బోలుగా మోగుతుంది, గట్టిగా ఉన్నచోట మోగదు. అంతవరకు శాస్త్రమే. కాని ఆయన అక్కడితో ఆగేవాడు కాదు. "ఊ... ఊ... అలాగా..." అని గోడకి ఊకొట్టేవాడు.

ఇంటాయన కంగారుపడి, "ఏమంటోందండీ?" అని అడిగేవాడు.

"మీ ఎదురుగా చెప్పలేకపోతోంది. మీరు కాస్త అవతలికి వెళ్ళండి," అనేవాడు మేస్త్రి.

ఇంటాయన అవతలికి వెళ్ళేవాడు. తన ఇంట్లో తన గోడ తన గురించి ఏం చెబుతోందోనని వరండాలో గోళ్ళు కొరుక్కుంటూ నిలబడేవాడు.

ఇక బావమరిది. ఇతను మేస్త్రి భార్యకి తమ్ముడు. ఆ లెక్కన ఒక్క మేస్త్రికే బావమరిది కావాలి. కాని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మేస్త్రి ప్రతి ఇంట్లోనూ "మా బావమరిది" అని పరిచయం చేయడం వల్ల ఊరందరికీ బావమరిదే అయిపోయాడు. పోస్టుమాన్ "బావమరిదిగారూ, ఉత్తరం!" అని కేకేసేవాడు. పళ్ళ డాక్టరు చీటీ మీద కూడా అదే రాశాడు. ఇందులో ఉన్న కష్టం అనుభవించినవాడికే తెలుస్తుంది. ఊరందరికీ బావమరిది అయినవాడిని ఊరందరూ ఆటపట్టించవచ్చు; అతను ఎవరిమీదా అలగడానికి లేదు.

అతని పని సున్నం కలపడం. ఆ విద్యలో అతన్ని మించినవాడు లేడు. తొట్టిలో వేలు ముంచి పైకెత్తి, చివరి చుక్క జారే తీరు చూసి, "ఇంకా ఆరు రోజులు" అనేవాడు. ఏడోరోజుకి అది వెన్న. కాని మెరుగురాయి మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారైనా పట్టలేదు.

దానికో కారణం ఉంది. పనిలో చేరిన మొదటి ఏడు, అప్పుడే మెరుగు పట్టిన ఒక గోడ ముందు నిలబడ్డాడు. అంత అందం అతను అంతవరకు చూడలేదు. చూడడం చాలక, తడిగా ఉందన్న సంగతే మరిచిపోయి, అరచెయ్యి మొత్తం ఆనించాడు. ఐదు వేళ్ళూ దిగబడ్డాయి. మేస్త్రి వచ్చి చూశాడు. తిట్టలేదు. ఇంటాయనతో, "ఈ మూల ఒక పెద్ద బీరువా ఉంటే గదికి నిండుతనం వస్తుందండీ" అని చెప్పి, తనే భుజం పట్టి బీరువా జరిపించాడు. తిడితే బావమరిది ఆ పూటే మరిచిపోయేవాడు. తిట్టలేదు కాబట్టి ఇన్నేళ్ళయినా మరవలేదు. "నా చెయ్యి గోడ మీద పడకూడదు" అని తనకి తనే శాసనం రాసుకున్నాడు.

అందువల్ల అతనికి ఒకటే కోరిక ఉండేది, చచ్చేలోపు ఒక్క గోడైనా తన చేతికింద మెరవాలని. ఒకటే భయం కూడా ఉండేది. అదీ అదే.

భయమున్న మనిషి చేతులతో నేర్చుకోలేనిది చదివి నేర్చుకోవాలని చూస్తాడు. బావ గోడలు అలా వెలగడానికి అసలు రహస్యం పథ్యంలోనే ఉందని బావమరిది గట్టిగా నమ్మాడు. సున్నం తను కలిపిందే, గుడ్లు తను పగలగొట్టినవే, రాయి అందరి దగ్గరా ఉండేదే. ఇక మిగిలింది పథ్యమే కదా! అట్ట బైండు నోటుపుస్తకం ఒకటి కొని, బావ ఏ గోడకి ఏ పథ్యం పెట్టాడో తేదీలతో సహా రాయడం మొదలుపెట్టాడు.

మొదటి పేజీ స్టేషను మాస్టరుగారిది. ఆయన రిటైరై ఏడేళ్ళయినా గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉండేది. రైలు కూతకి పైన వినబడాలని పెంచిన గొంతు అది. ఆ ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో వీధి చివరి ఇంటివాళ్ళకి కూడా తెలిసేది. మేస్త్రి ముందుగది గోడకి గార ముగించి, అరచెయ్యి ఆనించి, తల అడ్డంగా ఊపాడు.

"కొత్త గారకి కేకలు పడవండీ. కేక తగిలిన చోట వెంట్రుకవాసి నెర్రె పడుతుంది."

"ఎక్కడ పడింది?" అన్నాడు స్టేషను మాస్టరు. కిటికీ అద్దం కదిలింది.

"ఇదిగో, ఇప్పుడో రెండు పడ్డాయి. ఇప్పుడు కనబడవు. పదేళ్ళకి కనబడతాయి."

"పదేళ్ళకా?"

"అప్పుడు నన్నడుగుదామంటే నేనుండను. నలభై రోజులు ఈ ఇంట్లో గుసగుసలే."

స్టేషను మాస్టరు నియమాలు పాటించి బతికిన మనిషి. కేక రావలసి వస్తే చెప్పులేసుకుని వీధి మలుపుదాకా వెళ్ళి, అక్కడ దీపస్తంభాన్ని పట్టుకుని వేయవలసిన కేక వేసి, తిరిగొచ్చి గుసగుసలాడేవాడు. మూడోవారంలో, గార మెల్లగా ఆరాలని గోడకి కప్పిన తడిగుడ్డలు మార్చడానికి వెళ్ళిన బావమరిదిని ఆయన భార్య వంటింట్లోకి పిలిచింది.

"బావమరిదిగారూ, మా ఆయన ఏమంటున్నారో పెళ్ళయిన ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఇప్పుడు వినబడింది. ఇన్నాళ్ళూ చప్పుడే వినబడేది."

"ఏమంటున్నారమ్మా?"

"మంచినీళ్ళు కావాలంటున్నారు. ఎప్పుడూ అడిగింది అదేనట!"

బావమరిది బయటికొచ్చి నోటుపుస్తకంలో శ్రద్ధగా రాసుకున్నాడు: 'ఉత్తరపు గోడ. కేకలు నిషేధం. నలభై రోజులు.'

ఇంకో ఇంట్లో వంటింటి గోడ. ఆ ఇంట్లో కోడలు పొద్దున్న పొయ్యి ముందు నిలబడితే మళ్ళీ పొయ్యి ముందే చీకటి పడేది. బ్యాంకు గుమాస్తా అయిన కొడుకు భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వంటింటి గుమ్మం దాకా వచ్చి వెళ్ళేవాడు. అది అతని సాయం. మేస్త్రి పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో అడ్డగీత గీశాడు.

"వంట చేసేవాళ్ళ నెత్తి ఈ గీతకి తగలాలి. పొట్టివాళ్ళు నిలబడితే ఆవిరి తిన్నగా వచ్చి గోడని కొడుతుంది. పొడుగు మనిషైతే ఆవిరిని విరుస్తాడు."

ఇంటిల్లిపాదీ వరసగా వచ్చి కొలిపించుకున్నారు. అత్తగారు గీతకి జానెడు తక్కువ. కోడలు బెత్తెడు తక్కువ. కొడుకు నెత్తి మాత్రం దర్జీ కొలత తీసినట్టు గీతకి సరిపోయింది.

"పోనీ, నేను పీట వేసుకుంటేనో?" అంది కోడలు, మొగుడి మొహం చూసి జాలిపడి.

"పీట చెక్కదమ్మా. చెక్క ఆవిరి తాగి మళ్ళీ కక్కుతుంది," అన్నాడు మేస్త్రి.

రెండు నెలలు. మొదటివారం ఆ ఇంట్లో మాడనిది నీళ్ళొక్కటే. రెండోవారం నీళ్ళు కూడా మాడాయి, గిన్నెలో పోయడం మరిచిపోయాడు కనక. రెండోనెలలో గుమాస్తా వంట చేస్తూ కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. పథ్యం గడువు ముగిసిన రోజున కోడలు గరిట అందుకోబోతే, "నువ్వాగు, నీకు ఉప్పు అంచనా తెలీదు" అన్నాడు.

నోటుపుస్తకం: 'పొయ్యి గోడ. ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు. అరవై రోజులు.'

గడియారాలు బాగుచేసే ముసలాయన ఇంట్లో సంగతి వేరు. భార్య పోయాక ఆయన మనుషులతో మాట్లాడడం మానేశాడు. గడియారాలతో మాట్లాడేవాడట, అదీ కొన్నిటితోనే. ఆ ఇంటి గోడకి మేస్త్రి చెప్పిన పథ్యం విని బావమరిది రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి నాలుగు అరచేతులు తడిగుడ్డతో ఆ గోడని ఒత్తాలి. నాలుగూ ఒకే కప్పు కింద పడుకునేవాళ్ళవి కాకూడదు.

"నాకెవరున్నారయ్యా?" అన్నాడు ముసలాయన.

"అది నాకెలా తెలుస్తుందండీ? గోడ అడిగింది, నేను చెప్పాను."

ముసలాయన రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు పక్కింటి తలుపు తట్టాడు. అక్కడ పుస్తకాలు బైండు చేసేవాడు ఉండేవాడు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మధ్య ఒక్క ప్రహరీగోడే తప్ప పరిచయం లేదు. తొంభై రోజుల పథ్యం అది. అయిపోయి ఆరేళ్ళయింది. ఇప్పటికీ నాలుగయ్యేసరికి ఇద్దరూ తడిగుడ్డలు పట్టుకుని గోడ ముందు నిలబడతారు. గోడకి అలవాటైపోయిందట, మానేస్తే బాగుండదట.

నోటుపుస్తకం ఇలా నిండుతూ వచ్చింది. బావమరిది అందులోంచి సూత్రాలు తీయడానికి పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. ఉత్తరపు గోడకి కేకలు పడవని రాసుకుంటే, మరో ఇంట్లో ఉత్తరపు గోడ ముందు రోజూ గంటసేపు గట్టిగా పాడమన్నాడు బావ. ఆ ఇంట్లో పిల్ల నత్తి అని ఎవరితోనూ మాట్లాడేది కాదు. బావమరిది నత్తి సంగతి రాసుకోలేదు, అనవసరమని. 'సవరణ: కిటికీ ఉన్న ఉత్తరపు గోడకి పాట చెల్లును' అని రాసుకున్నాడు. ఇలాంటి సవరణలు నలభై ఆరయ్యాయి.

"బావా, వీటన్నిటికీ మూలసూత్రం ఒకటుండాలి కదా. ఒక్కసారి చెప్పేయరాదూ?"

"చెబితే రాసుకుంటావు."

"రాసుకోనా మరి?"

"అదే వద్దంటున్నాను," అనేవాడు మేస్త్రి.

ఇలా ఉండగా లాయరమ్మ నుంచి కబురొచ్చింది. ఆవిడ కోర్టు మానేసి నాలుగేళ్ళయింది కాని ప్రశ్నలు మానలేదు. పాలవాణ్ణి సైతం బోనులో నిలబెట్టి మాట్లాడేది. ఆవిడ ఇంటి హాలు గురించి బావమరిది చిన్నప్పటి నుంచి విన్నాడు. చూడడం ఇదే మొదటిసారి.

తలుపు తీశారు. బావమరిది చెప్పులు విడవడం మరిచిపోయి, గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి, వీధిగుమ్మం బయట విడిచి వచ్చాడు. అది నూరేళ్ళనాటి హాలు. నడుము ఎత్తు వరకు ముదురాకుపచ్చ రాయి. అందులో తెల్లటి నరాలు, సన్నగా, ఒకదాన్నొకటి తాకి విడిపోతూ. మేస్త్రి వేలి కణుపుతో తడితే తెలిసింది, రాయి కాదు, గారే! ఎవరో మహానుభావుడు సున్నంలో రంగు కలిపి, ఒక్కో నరాన్నీ కుంచెతో లాగి, పైన మెరుగు పెట్టాడు. దాని పైన ఒక తీగ పట్టీ, వేలితో ఒత్తినట్టు ఒక్కో ఆకూ. ఆపైన కప్పు దాకా తెలుపు. ఆ తెలుపు ఎంత లోతుగా ఉందంటే, ఎదురెదురు గోడల్లో ఒక హాలు వెనక ఇంకో హాలు, దాని వెనక ఇంకోటి కనబడుతున్నాయి. చివరి హాలులో చాలా చిన్నగా ఇద్దరు మనుషులు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు తామేనని బావమరిదికి తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"మీరొచ్చి రెండు గంటలయింది. చూడడం అయిందా?" అని వెనకనుంచి లాయరమ్మ.

"అవలేదమ్మా," అన్నాడు మేస్త్రి, కళ్ళు తిప్పకుండా.

ఆ తెల్లగోడలో ఒకచోట, పైకప్పు కారి, తలుపంత పెచ్చు ఊడిపోయింది. ముత్యాల వరసలో పన్ను ఊడినట్టుంది. అక్కడ కొత్త గార వేసి, పాతదాంట్లో కలిసిపోయేలా మెరుగు పెట్టాలి. అతుకు కనబడిందా, నూరేళ్ళ హాలుకి మచ్చ పడ్డట్టే. మెరుగు పెట్టడానికి ఉండేది ఒక్క పూట. చివరి పూత బిగుసుకుంటే ఇక బ్రహ్మ కూడా ఏమీ చేయలేడు; చెక్కేసి మొదలుపెట్టాలి, చెక్కడంలో పక్కనున్న పాత గార కూడా రాలుతుంది.

పన్నెండు రోజులు మేస్త్రి అడుగు పూతలు వేశాడు. పదమూడో రోజు పొద్దున్న చివరి పూత తాపీతో సమంగా లాగాడు. దిగి వచ్చి, బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

"ఒరేయ్, ఈ గోడకి పథ్యం చెబుతాను, రాసుకో."

 బావ తనంతట తాను "రాసుకో" అనడం ఇదే మొదటిసారి. బావమరిది పుస్తకం తెరిచి, పెన్సిలు నాలుకకి తగిలించాడు.

"ఇంతకుముందు మెరుగురాయి పట్టిన చెయ్యి ఈ గోడ మీద పడకూడదు."

బావమరిది రాశాడు. చుక్క పెట్టాడు. తర్వాత చదివాడు.

"అంటే, నీ చెయ్యి?"

"పనికిరాదు."

"మరెవరిది కావాలి?"

"పట్టని చెయ్యి."

"ఇప్పటికిప్పుడు అలాంటి చెయ్యి ఎక్కడినుంచి తెస్తాం బావా? ముందే చెప్పకూడదూ!" అంటూ బావమరిది కంగారుగా హాలంతా కలయజూశాడు. హాలులో లాయరమ్మ ఉంది. బావ ఉన్నాడు. గోడలోని హాలులో ఇంకొకడు, పెన్సిలు పట్టుకుని, తనలాగే దిక్కులు చూస్తున్నాడు. బావమరిది వాణ్ణి గుర్తుపట్టాడు.

"నావల్ల కాదు," అన్నాడు. పుస్తకం చేతిలోంచి జారింది. పెరట్లోకి వెళ్ళి, సున్నపు తొట్టి పక్కన గొంతుకూర్చుని, చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

మేస్త్రి పిలవలేదు. గోడ దాని మానాన అది బిగుసుకుంటోంది.

కాసేపటికి లాయరమ్మ వచ్చింది, చేతిలో నోటుపుస్తకం. ఒక కేసు కట్ట చదవడానికి ఆవిడకి పావుగంట చాలు.

"ఇది మీరు రాసిందేనా?"

"నాదేనమ్మా."

"స్టేషను మాస్టరు ఇంటి గోడకి ఏం పథ్యం?"

"కేకలు పడవు."

"ఆ ఇంట్లో కేకలు వేసేదెవరు?"

"స్టేషను మాస్టరుగారే."

"గడియారాలాయన గోడకి?"

"వేరే ఇంటివాళ్ళ చేతులు కావాలి."

"ఆయన ఇంటికి ఎవరైనా వచ్చేవారా?"

"పిట్ట కూడా వాలేది కాదమ్మా."

"వంటింటి గోడకి పొడుగు మనిషి కావాలి. ఆ ఇంట్లో వంట చేయని పొడుగు మనిషెవరు?"

"కొడుకు..." అని బావమరిది నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నలభై ఆరు సవరణలూ ఒక్కొక్కటే అతని కళ్ళ ముందు వరసగా నడిచి, ఒకే ఇంట్లోకి దూరాయి.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు పక్కనే ఉండి గోడల దిక్కులు రాసుకున్నారు. మనుషుల్ని చూడలేదు," అంది లాయరమ్మ. "ఆఖరి ప్రశ్న. ఈ హాలులో నాకు ఏ జబ్బూ లేదు. మీ బావకీ లేదు. మరి ఇవాళ్టి పథ్యం ఎవరికి?"

బావమరిది చంకల్లోంచి చేతులు బయటికి తీసి, వాటిని ఎవరివో అన్నట్టు చూశాడు.

"సాక్షి మౌనం నమోదు చేసుకుంటున్నాను," అంది ఆవిడ. "గోడకి ఇంకా ఎంత టైముంది?"

అతను అలవాటుగా, చివరి పూతకి కలపగా తొట్టిలో మిగిలినదాంట్లో వేలు ముంచి ఎత్తి, చుక్క జారడం చూశాడు. "యాభై నిమిషాలు. కాదు, నలభై!" అంటూ లేచి పరుగెత్తాడు.

హాలులో మేస్త్రి బకెట్టు మీదే ఉన్నాడు. అటు తిరిగి, ఎదురుగోడకేసి కూర్చున్నాడు. మెరుగురాయి పరంజా మీద సిద్ధంగా ఉంది. బావమరిది ఎక్కాడు, రాయి పట్టుకున్నాడు.  మొదటి రుద్దుకి గోడ మీద మసకగా ఒక చార పడింది, బూడిదరంగులో. ప్రాణం పోయింది. దిగిపోదామనుకున్నాడు. అప్పుడు చెవికి చప్పుడు వినబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సున్నం కలుపుతూ, పెరట్లోంచి, పక్కగదిలోంచి, మెట్లమీంచి వింటున్న చప్పుడే. మొదట గీరుడు, తర్వాత గుసగుస, తర్వాత పట్టుచీర మడత విప్పినట్టు, ఆ తర్వాత సన్నటి ఈల. ఏది ఎప్పుడు రావాలో అతని కంటే బాగా ఎవరికి తెలుసు? గీరుడు వచ్చినచోట బరువు తగ్గించాడు. గుసగుస వచ్చినచోట గుండ్రంగా తిప్పాడు. చెయ్యి భయపడుతూనే ఉంది, చెవి దాన్ని నడిపించింది.

ముప్పావు వంతు అయ్యేసరికి ఈల మొదలైంది. గోడ లోపల ఎక్కడో వెలుగు విచ్చుకుంది. ముందు దాంట్లోకి కిటికీ దిగింది. తర్వాత తలుపు చట్రం, దాని పక్కన నోటుపుస్తకం పట్టుకున్న లాయరమ్మ. తర్వాత బోర్లించిన బకెట్టు, దాని మీద బావ వీపు. బావ నిజంగానే చూడడం లేదు, ఎంత గుండె ధైర్యమో అనుకున్నాడు బావమరిది. ఇంకో నాలుగు చుట్లు తిప్పాడు. మెరుగు ఇంకా లోతుకి దిగింది. బావ వీపు అవతల ఎదురుగోడ దిగింది. ఆ ఎదురుగోడలో, గోరంత, బావ మొహం. రెండు కళ్ళూ పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి, ఇటే చూస్తోంది.

"బావా, కనబడుతున్నావు," అన్నాడు బావమరిది, చెయ్యి ఆపకుండా.

"అంత మెరుగు వచ్చిందా?" అన్నాడు మేస్త్రి. 

అతుకు వెతకడానికి లాయరమ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. ఎడమనుంచి వెతికింది, కుడినుంచి వెతికింది, కుర్చీ వేయించుకుని వెతికింది. ఆవిడ నోట పది నిమిషాలు ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఆ వీధిలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

సామాన్లు కడుక్కుంటూ పెరట్లో బావమరిది అడిగాడు.

"నువ్వు ఇన్నాళ్ళూ మనుషులకి పెట్టావు కదూ పథ్యం?"

"గోడకే పెట్టాను. మనుషులు మధ్యలో దూరితే నేనేం చేసేది?"

"మరి ఈ చెయ్యికి మొదటేడే పథ్యం పెట్టొచ్చుగా? ముప్ఫై ఏళ్ళు ఆగావు!"

"అప్పుడు పెడితే సున్నం ఎవరు కలుపుతారురా? నీలా కలిపేవాడు నాకు దొరకద్దూ?" అన్నాడు మేస్త్రి. ఇది కోపంగా అన్నాడో ముద్దుగా అన్నాడో తేల్చుకోలేక బావమరిది తాపీని రెండోసారి కడిగాడు.

"పోనీ, నిజం చెప్పు. ఆ నలభై రోజులు, అరవై రోజులు, తొంభై రోజులు... ఆ పథ్యాలేవీ లేకపోతే ఆ గోడలేమయ్యేవి?"

"ఏమవుతాయి? ఆరతాయి."

"అంతేనా?"

"అంతే. నువ్వు తడిగుడ్డ కప్పావా లేదా?"

బావమరిది హాలులోకి వెళ్ళి తడిగుడ్డ కప్పి వచ్చాడు. గార ఆరడానికి నెల్లాళ్ళు పడుతుంది. ఎవరింట్లోనైనా అంతే.